పది కిలోమీటర్ల గీత: 111 జీవో పాఠంలో పరిశోధన, విధానం – విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం:

ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాల రక్షణకై 1996 మార్చి 8న వెలువడిన 111వ నెంబరు ప్రభుత్వ ఉత్తర్వు చేవెళ్ల, మొయినాబాద్ మండలాల్లో భూమి వినియోగాన్ని, భూమి విలువను, గ్రామీణుల బతుకుదెరువును నిర్దేశిస్తూ వచ్చింది. నిపుణుల పరిశోధన పాలకుల చేతిలో ఉత్తర్వుగా మారేటప్పుడు దానిలో ఏది నిలుస్తుంది, ఏది జారిపోతుంది అన్న ప్రశ్నకు ఈ ఉత్తర్వు ఒక మంచి ఉదాహరణ. విశ్వేశ్వరయ్య 1909 నాటి కృషిని, 111 జీవోను, 1999, 2000 సంవత్సరాల సుప్రీంకోర్టు తీర్పులను, 2022 నాటి 69వ నెంబరు ఉత్తర్వును ఒకే పరంపరకు చెందిన పాఠాలుగా చదివి, సిఫార్సు నుండి కారణం విడిపోయినప్పుడు కలిగే పర్యవసానాలను ఈ వ్యాసం చర్చిస్తుంది.

కీలకపదాలు: 111 జీవో, పరీవాహక ప్రాంతం, విధాన రచన, ముందుజాగ్రత్త సూత్రం, మూసీ, చేవెళ్ల, మొయినాబాద్.

1. ఉపోద్ఘాతం:

మన విశ్వవిద్యాలయాలలో సమర్పితమవుతున్న సామాజిక, పర్యావరణ విషయక సిద్ధాంత గ్రంథాలలో చివరి అధ్యాయం తరచుగా "సూచనలు" అన్న పేరుతో ఉంటుంది. ప్రభుత్వం తగు చర్యలు చేపట్టాలి, ప్రజలలో అవగాహన పెంచాలి, అధికారులు దృష్టి సారించాలి అన్న వాక్యాలు ఆ అధ్యాయంలో వరుస కడతాయి. అందులో ఏ శాఖ, ఏ చట్టం కింద, ఎంత వ్యయంతో, ఎవరి భూమి మీద ఆ చర్య చేపట్టాలో ఉండదు. నాలుగైదేళ్ల శ్రమతో నిర్మించిన విశ్లేషణ అంతా ఆ అధ్యాయం దగ్గరికి వచ్చేసరికి పత్రికా సంపాదకీయం స్థాయికి దిగిపోతుంది. పాలకులు పరిశోధనను పట్టించుకోరన్న ఫిర్యాదు అధ్యాపక వర్గంలో పాతదే. అందులో నిజమూ ఉంది. అయితే పట్టించుకున్న సందర్భాలలో ఏం జరిగిందన్నది అంతకంటె ఎక్కువ నేర్పే ప్రశ్న. 111 జీవో అలాంటి సందర్భం. ఇక్కడ నిపుణుల మాటను ప్రభుత్వం విన్నది. విని, ఉత్తర్వుగా జారీ చేసింది. దేశ అత్యున్నత న్యాయస్థానం దానిని నిలబెట్టింది. అయినా పాతికేళ్లు తిరిగేసరికి దానిని సమర్థించడానికి ఒక్క కారణమైనా మిగలలేదని అదే ప్రభుత్వ వ్యవస్థ ప్రకటించగలిగింది. ఇది ఎలా సాధ్యమైందో తెలుసుకోవాలంటే ఆ ఉత్తర్వును ఒక పాఠంగా చదవాలి. సాహిత్య విమర్శకులకు అలవాటైన పనే ఇది: ఏ పదం ఎక్కడినుండి వచ్చింది, ఏది చెప్పకుండా వదిలేశారు, చదువరిగా ఎవరిని ఊహించుకున్నారు అని అడగడం.

2. కారణంతో కూడిన సిఫార్సు:

1908 సెప్టెంబరు 28న మూసీ నది హైదరాబాదు నగరాన్ని ముంచెత్తి వేలాదిమందిని బలిగొన్నది. మరుసటి ఏడాది నిజాం ప్రభుత్వం ఆహ్వానంపై వచ్చిన మోక్షగుండం విశ్వేశ్వరయ్య వరద కారణాలను అధ్యయనం చేశారు. నగరంలో గోడలు ఎత్తుగా కట్టించడం గురించి మాత్రమే ఆలోచించి ఉంటే ఆయన పని త్వరగా ముగిసేది. ఆయన నదికి ఎగువన నడిచారు. నగరం పైన ఉన్న సుమారు 860 చదరపు మైళ్ల బేసిన్‌లో 788 చెరువులు, అంటే ఇంచుమించు చదరపు మైలుకొక చెరువు ఉన్నట్లు లెక్కించారు. ఆ వరదలో వీటిలో 221 చెరువులు తెగాయి. గొలుసుకట్టు చెరువులలో పైది తెగితే ఆ నీటి ఉధృతి కిందిదానిని తెంచుతుంది. ఆ రెండు కలిసి మూడోదాని మీద పడతాయి. నగరాన్ని ముంచినది ఆకాశం నుండి పడిన వాన ఒక్కటే కాదనీ, ఎగువన నిలవలేకపోయిన నీరు కూడాననీ ఆ లెక్క చూపింది.

దానినుండే సిఫార్సు పుట్టింది. నగరానికి ఎగువన మూసీ మీద ఒకటి, దాని ఉపనది ఈసీ మీద ఒకటి జలాశయాలు నిర్మించి వరదను అక్కడే ఆపాలి, తర్వాత మెల్లగా విడవాలి. 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ పూర్తయ్యాయి. నగరానికి తాగునీరు కూడా వాటినుండే అందింది. ఉస్మాన్‌సాగర్ నుండి ఆసిఫ్‌నగర్ నీటిశుద్ధి కేంద్రానికి నీరు వాలు మీదనే, పంపుల అవసరం లేకుండా ప్రవహించేటట్లు కాలువను నిర్మించారు.

ఈ పాఠంలో గమనించవలసినది సాంకేతిక ప్రతిభ ఒక్కటే కాదు. చెరువుల సంఖ్యకూ జలాశయం సిఫార్సుకూ నడుమ ఉన్న కారణాన్ని ఇంజనీరు కాని పాలకుడు కూడా అనుసరించగలడు. తెగిన చెరువుల లెక్క చూస్తే జలాశయం ఎందుకు ఎగువన ఉండాలో అర్థమవుతుంది. రేపు ఎవరైనా "ఈ జలాశయం ఇక ఎందుకు?" అని అడిగితే జవాబు ఆ సిఫార్సు లోపలే ఉంది. అదే సమయంలో ఈ జంట జలాశయాలకు రెండు పనులు అప్పగించబడ్డాయన్న సంగతి కూడా ఇక్కడే గుర్తించాలి. వరదను ఆపాలంటే జలాశయంలో కొంత ఖాళీ ఉండాలి. తాగునీటికి అది నిండి ఉండాలి. ఈ రెండు ధర్మాల నడుమ ఉన్న పొరపొచ్చం తర్వాతి కాలపు ఉత్తర్వులలో చర్చకు రాకుండా పోయింది. ముందుగా వరద మరుపున పడింది.

3. 111 జీవో: గీత, జాబితా, పదజాలం

1990ల ఆరంభానికి హైదరాబాదు పశ్చిమంగా విస్తరించసాగింది. జలాశయాల చుట్టూ పరిశ్రమలు, లేఅవుట్లు రావడం మొదలైంది. 1994లో ఒక ఉత్తర్వు, దానిని సవరిస్తూ 1996లో 111వ నెంబరు ఉత్తర్వు పురపాలక శాఖ నుండి వచ్చాయి. జలమండలి కోరికపై జరిగిన నిపుణుల పరిశీలన వీటికి ఆధారం. రెండు జలాశయాల పూర్తి నీటిమట్టం నుండి పది కిలోమీటర్ల లోపు పరీవాహక ప్రాంతంలో కాలుష్య కారక పరిశ్రమలను, పెద్ద హోటళ్లను, నివాస కాలనీలను, కాలుష్యాన్ని కలిగించే ఇతర సంస్థలను నిషేధించారు. నివాస లేఅవుట్లలో 60 శాతం స్థలం ఖాళీగా, రోడ్లకు విడిచిపెట్టాలన్నారు. కట్టడం వైశాల్యం స్థలంలో సగానికి మించరాదన్నారు. అనుబంధంలో 84 గ్రామాల పేర్లు ఇచ్చారు. మొయినాబాద్, చేవెళ్ల, శంకర్‌పల్లి, శంషాబాద్, రాజేంద్రనగర్, షాబాద్, కొత్తూరు మండలాలలో 1 లక్షా 32 వేల ఎకరాలు, అంటే దాదాపు 538 చదరపు కిలోమీటర్లు ఈ పరిధిలోకి వచ్చాయి.

ఉద్దేశం మంచిది. ఫలితం కూడా కొంతవరకు మంచిదే. గచ్చిబౌలి, నార్సింగి వైపు లేచిన ఆకాశహర్మ్యాలు మొయినాబాద్ గడప దగ్గర ఆగిపోయాయంటే ఈ ఉత్తర్వు వల్లనే. ఆ సంగతి ఒప్పుకున్న తర్వాత పాఠాన్ని విమర్శించడం న్యాయం.

పది కిలోమీటర్లు అన్న అంకె నుండి మొదలుపెడదాం. నీటికి కిలోమీటర్లతో పని లేదు, వాలుతో పని. మూసీ అనంతగిరి కొండల్లో పుట్టి వికారాబాద్ వైపు నుండి చేవెళ్ల ప్రాంతం మీదుగా వస్తుంది. పదకొండో కిలోమీటరు దగ్గర వాగులో కలిసిన విషం పదో కిలోమీటరు దగ్గర ఆగిపోదు. విశ్వేశ్వరయ్య లెక్కించిన బేసిన్ 2,200 చదరపు కిలోమీటర్లకు పైబడినది. అందులో కొంత భాగం ఆనకట్టలకు దిగువన ఉన్నా, ఉత్తర్వు రక్షించిన ప్రాంతం మొత్తంలో నాలుగో వంతుకు అటూఇటూగానే ఉంటుంది. మరోవైపు, ఊళ్ల పేర్లతో జాబితా ఇవ్వడం వల్ల ఒక గ్రామంలో కొన్ని సర్వే నెంబర్ల భూమి వాలు మరో దిక్కుకు ఉన్నా, గ్రామం మొత్తం ఆంక్షల కిందికి వచ్చింది. తమ భూమి పరీవాహకంలోకి రాదంటూ కొందరు న్యాయస్థానాలకు ఎక్కింది ఇందువల్లనే. శాస్త్రం చెప్పినది వాలు. పాలన రాసుకున్నది దూరం. పాలనకు దూరం సులువు: పటం మీద గీత గీయవచ్చు, రిజిస్ట్రారుకు జాబితా పంపవచ్చు. ఆ సులువును తప్పు పట్టలేం. ఏదో ఒక గీత గీయకపోతే ఏ ఉత్తర్వూ అమలు కాదు. కాని గీత అన్నది వాలుకు తాత్కాలిక ప్రతినిధి మాత్రమేనని, కొలతలు మెరుగైనప్పుడు దానిని సరిదిద్దవలసి ఉంటుందని పాఠంలో ఎక్కడో ఒక చోట ఉండవలసింది. ఎంతకాలానికి ఒకసారి సమీక్షించాలి, ఏ ఆధారం దొరికితే గీత జరపవచ్చు అన్న మాట లేకపోవడంతో పది కిలోమీటర్లు అన్నది అధ్యయన ఫలితం అన్న స్థాయిని దాటి ఒక నమ్మకం అయి కూచుంది.

రెండోది పదజాలం. పరీవాహక ప్రాంతంలో 90 శాతం భూమిని "వినోద, పరిరక్షణ" వినియోగం కింద వర్గీకరించాలని ఉత్తర్వు చెప్పింది; వ్యవసాయం ఆ వర్గంలో అంతర్భాగం. పట్టణ ప్రణాళికా శాస్త్రంలో ఇది అలవాటైన పరిభాషే కావచ్చు. చేవెళ్ల రైతు పొద్దున్నే టమాటా, క్యారెట్, ఆకుకూర కోసి నగరం మార్కెట్టుకు పంపే పొలం, మొయినాబాద్ రైతు పూలు పెంచే మడి "వినోదం" అన్న శీర్షిక కింద చేరాయన్నది మాత్రం చదివినప్పుడు గుచ్చుకుంటుంది. చివరికి ఆ పదమే గెలిచింది. మొయినాబాద్ చుట్టూ ఈరోజు రిసార్టులు, ఫంక్షన్ హాళ్లు, ప్రహరీలు కట్టిన ఫామ్‌హౌసులు ఎన్నో చూస్తాం. ఎకరాలకు ఎకరాలు కొనగలిగిన నగరవాసికి ఈ ఉత్తర్వు భూమి ధరను అణచి ఉంచి పెట్టింది. కూతురి పెళ్లికో, ఆస్పత్రి ఖర్చుకో అరెకరం అమ్ముకోవలసిన రైతుకు పక్క మండలంతో పోల్చుకుని కుమిలిపోవడమే మిగిలింది.

ఇక్కడే మూడో లోపం. నగరం తాగే నీటి కోసం 84 గ్రామాలు వదులుకున్నదాని వెల ఎంత, దానిని ఎవరు చెల్లించాలి అన్న ప్రశ్న ఉత్తర్వులో లేదు. ఆ కాలంలో ఇలాంటి ఆలోచన ఎక్కడా లేదనడానికి వీల్లేదు. 1997 జనవరిలో న్యూయార్క్ నగరం తనకు నీరిచ్చే క్యాట్‌స్కిల్ కొండల గ్రామాలతో ఒప్పందం చేసుకుంది. భారీ శుద్ధి కేంద్రం కట్టాలంటే వందల కోట్ల డాలర్లు అవుతాయి. దానికి బదులు ఎగువ రైతుల పశువుల కొట్టాల నుండి, మురుగు తొట్ల నుండి కాలుష్యం రాకుండా చూడడానికి నగరమే ఖర్చు పెడితే చవక అని అక్కడి నిపుణులు లెక్క తేల్చారు. అమ్మదలచినవారి దగ్గర మాత్రమే భూమి కొన్నారు. ఆ ఒప్పందానికీ విమర్శకులున్నారు. కాని నీరు తాగేవాడు నీటిని కాపాడేవాడికి బాకీ పడతాడన్న సూత్రం విధాన పత్రంలోనే చేరింది. మన ఉత్తర్వులో కాపాడేవాడు నిషేధాల జాబితాకు లోబడవలసినవాడుగా మాత్రమే కనిపిస్తాడు. ఆ ఉత్తర్వు ఆంగ్లంలో ఉంది. పల్లెకు చేరింది దాని నెంబరు. "ట్రిపుల్ వన్ జీవో" అన్న మాట తెలియని మనిషి ఆ 84 ఊళ్లలో ఉండడు. అది ఎందుకు వచ్చిందో చెప్పే కాగితం ఏ పంచాయతీ గోడకూ చేరలేదంటే ఆశ్చర్యపడనక్కరలేదు.

4. న్యాయస్థానం ఇచ్చిన భాష్యం:

శంషాబాద్ మండలం పెద్దషాపూర్‌లో ఆముదం నూనె ఉత్పన్నాల పరిశ్రమ ఒకటి పది కిలోమీటర్ల పరిధిలో స్థాపించబడింది. కాలుష్య నియంత్రణ మండలి అనుమతి నిరాకరించింది. అప్పీలు అధికార సంస్థ, పరిశ్రమ ఆధునిక సాంకేతికతను వాడుతున్నదన్న నిపుణుడి అఫిడవిట్ ఆధారంగా దానికి అనుకూలంగా తీర్పు ఇచ్చింది. ప్రభుత్వం మినహాయింపు కూడా ఇచ్చింది. ఈ వివాదం సుప్రీంకోర్టుకు చేరి, "ఆంధ్రప్రదేశ్ కాలుష్య నియంత్రణ మండలి వర్సెస్ ప్రొఫెసర్ ఎం.వి. నాయుడు" అన్న పేరుతో భారత పర్యావరణ న్యాయశాస్త్రంలో ప్రసిద్ధమైంది. 1999 జనవరిలో జస్టిస్ ఎం. జగన్నాధరావు రాసిన తీర్పు మన చర్చకు అత్యంత కీలకం.

ఆ తీర్పులో ఆయన పరిశ్రమ మంచిదా చెడ్డదా అన్న ప్రశ్నతో ఆగలేదు. ఒకే వ్యర్థం గురించి అర్హత కలిగిన శాస్త్రజ్ఞులు భిన్నంగా మాట్లాడుతున్నప్పుడు నిర్ణయించవలసినవారు ఏం చేయాలన్న ప్రశ్నను ముందుకు తెచ్చారు. శాస్త్రంలో అనిశ్చయం సహజం; కొత్త ఆధారం వస్తే పాత నిర్ధారణ మారుతుంది. న్యాయస్థానానికీ ప్రభుత్వానికీ ఆ వెసులుబాటు లేదు, ఏదో ఒక రోజున సంతకం పెట్టాలి. ప్రకృతి కొంత కాలుష్యాన్ని తనలో ఇముడ్చుకోగలదన్న పాత భావన నుండి ముందుజాగ్రత్త సూత్రానికి ప్రపంచం జరిగిన క్రమాన్ని తీర్పు వివరించింది. హాని జరగదని రుజువు చేయవలసిన బాధ్యత మార్పు కోరేవారి మీదే ఉంటుందని తేల్చింది. తర్వాత జాతీయ భూభౌతిక పరిశోధనా సంస్థ, బొంబాయి విశ్వవిద్యాలయపు రసాయన సాంకేతిక విభాగం వంటి సంస్థల అభిప్రాయాలు తెప్పించుకుని, 2000 డిసెంబరులో ఇచ్చిన రెండో తీర్పులో ప్రభుత్వ మినహాయింపు చెల్లదని కోర్టు చెప్పింది.

111 జీవోలో లేని కారణం ఇక్కడ దొరికింది. అంకె వెనుక ఉన్న తర్కాన్ని ఒక న్యాయమూర్తి తిరిగి రాశారు. శాస్త్రజ్ఞులు సభ్యులుగా ఉండే పర్యావరణ న్యాయస్థానాలు కావాలన్న ఆలోచన కూడా ఈ తీర్పులోనే బలంగా వినిపించింది. జస్టిస్ జగన్నాధరావు తర్వాత లా కమిషన్ అధ్యక్షులై 2003లో 186వ నివేదికను అదే విషయం మీద సమర్పించారు. 2010లో జాతీయ హరిత ట్రిబ్యునల్ చట్టం వచ్చింది. పెద్దషాపూర్‌లోని ఒక పరిశ్రమ తగాదా దేశానికి ఒక కొత్త న్యాయ సంస్థను ఇచ్చిందంటే అతిశయోక్తి కాదు. అయితే ఈ భాష్యం న్యాయనివేదికలలో ఉండిపోయింది. ఉత్తర్వు పాఠంలోకి తిరిగి రాలేదు. న్యాయశాస్త్ర విద్యార్థులు దానిని చదువుతారు, మొయినాబాద్ తహసీలు కార్యాలయంలో చదవరు.

5. శాతం చేసిన పని:

2022 ఏప్రిల్ 12న వచ్చిన 69వ నెంబరు ఉత్తర్వు, 111 జీవోలోని ఆంక్షలను తొలగిస్తూ చూపిన ప్రధాన కారణం ఒక పోలిక. 1996లో నగరపు నీటి సరఫరా రోజుకు 145 మిలియన్ గ్యాలన్లు. అందులో జంట జలాశయాల వాటా 27.59 శాతం. ఇప్పుడు సరఫరా 602 మిలియన్ గ్యాలన్లు. జలాశయాల వాటా 1.25 శాతం కంటె తక్కువ. కనుక ఆంక్షలకు ఇక ప్రయోజనం లేదు. జలాశయాల నీటి నాణ్యత దెబ్బతినరాదన్న షరతు పెడుతూ, మార్గదర్శకాల కోసం ప్రధాన కార్యదర్శి అధ్యక్షతన కమిటీని వేశారు. 2023 మే 18న మంత్రివర్గం 111 జీవోను పూర్తిగా రద్దు చేయాలని నిర్ణయించినట్లు ప్రకటించింది.

ఈ అంకెలు తప్పని వాదించనక్కరలేదు. అవి ఏ ప్రశ్నకు జవాబో చూడాలి. 145లో 27.59 శాతం అంటే 40 మిలియన్ గ్యాలన్లు. ఈరోజు కూడా సరిగ్గా ఆ 40 మిలియన్ గ్యాలన్లే తోడుతున్నామనుకుందాం. 602లో అది 6.6 శాతమే అవుతుంది. అంటే జలాశయాలు ఒక్క చుక్క తగ్గకుండా పనిచేసినా, కృష్ణా గోదావరుల నుండి నీరు తెచ్చినంతకాలం వాటి "ప్రాముఖ్యం" తగ్గుతూనే ఉంటుంది. 1.25 శాతం అన్నది మనం ఎంత తోడుకుంటున్నామో చెబుతుంది. అవి ఎంత ఇవ్వగలవో చెప్పదు. దూరాన ఉన్న నదుల నీటిని ఎత్తిపోయడానికి అయ్యే విద్యుత్తుతో వాలు మీద వచ్చే నీటిని పోల్చి చూసిన లెక్క అందులో లేదు. 2016 వేసవిలో ఈ రెండు జలాశయాలు ఎండిపోయిన మాట వాస్తవం. వాటినే నమ్ముకోలేమన్న వాదానికి అది బలం చేకూర్చుతుంది. కాని ఎండిపోవడానికి కారణం వానలు లేకపోవడమా, ఎగువ వాగులు పూడిపోవడమా అన్నది పరిశోధనకు వదలవలసిన ప్రశ్న, శాతం తేల్చగల ప్రశ్న కాదు.

అంతకంటె పెద్ద మౌనం వరద గురించి. 1909 నాటి అధ్యయనం ఈ జలాశయాలను అడిగిందే వరదను ఆపడానికి. 2020 అక్టోబరు వరదల్లో హిమాయత్‌సాగర్ గేట్లు ఎత్తవలసి వచ్చింది. 2025 సెప్టెంబరు చివరి వారంలో జంట జలాశయాల నుండి విడిచిన నీరు మూసీలో పొంగి మహాత్మాగాంధీ బస్‌స్టేషన్‌లోకి చేరింది. ఎగువన పొలం బదులు కాంక్రీటు పరిస్తే వాన నీరు ఇంకే కాలం తగ్గి, జలాశయానికి చేరే వేగం పెరుగుతుందన్నది జలశాస్త్రపు ప్రాథమిక పాఠం. తాగునీటి వాటా సున్నాకు పడిపోయినా ఈ కారణం చెక్కు చెదరదు. కాని 111 జీవో తాగునీటి మాట మాత్రమే చెప్పింది. దానిని రద్దు చేయదలచినవారు తాగునీటి మాటను పూర్వపక్షం చేస్తే చాలయింది. ఒక్క స్తంభం మీద కట్టిన కప్పును కూల్చడానికి ఒక్క స్తంభాన్ని తీస్తే సరిపోతుంది. ఆ స్తంభం ఒక్కటే ఎందుకు ఉందన్న ప్రశ్న 1996 నాటి నిపుణులకూ, పాఠకులమైన మనకూ వర్తిస్తుంది.

గ్రామాల నుండి రద్దు కోరుతూ వచ్చిన వినతులను పర్యావరణ ద్రోహమని కొట్టివేసే ధోరణి నగర మేధావులలో కనిపిస్తుంది. నాకది అన్యాయంగా తోస్తుంది. పాతికేళ్లు నగరం కోసం నష్టాన్ని భరించి, అందుకు ఒక్క రూపాయి పరిహారం గాని, ఒక్క వాక్యం వివరణ గాని అందుకోని రైతు, ఆ ఆంక్ష పోవాలని కోరుకోవడంలో తప్పేముంది? రద్దుకు జనబలం సమకూర్చింది మొదటి ఉత్తర్వులోని ఆ మూడో లోపమే.

6. మర్రిచెట్ల దారి, మరో గీత:

ఇదే రెండు మండలాల మీదుగా బీజాపూర్ రహదారి సాగుతుంది. అప్పా కూడలి నుండి మన్నెగూడ వరకు 46 కిలోమీటర్ల మేర దీనిని నాలుగు వరుసలుగా విస్తరించే పనికి ఇరువైపులా ఉన్న తొమ్మిది వందలకు పైబడిన మర్రిచెట్లు అడ్డు వచ్చాయి. ప్రకృతి ప్రేమికులు హరిత ట్రిబ్యునల్ చెన్నై బెంచిని ఆశ్రయించారు. 2013 సవరణ ప్రకారం వంద కిలోమీటర్లు దాటిన, నిర్దిష్ట వెడల్పుకు మించి భూమి సేకరించే జాతీయ రహదారి విస్తరణకే ముందస్తు పర్యావరణ అనుమతి అవసరం. 46 కిలోమీటర్ల రోడ్డు ఆ గీతకు ఇవతల ఉండిపోయింది. శతాబ్దాల మర్రికీ, నిన్న నాటిన మొక్కకూ ఆ గీత దృష్టిలో తేడా లేదు. మరోపక్క ఇరుకు రోడ్డు మీద జనం చనిపోతున్నారు. 2025 నవంబరు 3న చేవెళ్ల దగ్గర మీర్జాగూడ వద్ద ఆర్టీసీ బస్సును కంకర టిప్పర్ ఢీకొని 19 మంది మరణించారు. ఆ తర్వాత జరిగిన చర్చ చాలాసార్లు ఒకరి చేతిలో చెట్ల లెక్క, మరొకరి చేతిలో మృతుల లెక్క పట్టుకుని సాగింది. ఈ రెండు లెక్కలను ఒకే కాగితం మీద పెట్టి, ఫలానా మలుపు దగ్గర చెట్టును వదిలి రోడ్డును ఇటు జరపండి, ఫలానా చోట మధ్యన విభాగిని ముందు కట్టండి అని కిలోమీటరు వారీగా చెప్పే పత్రమే రహదారుల ఇంజనీరుకు పనికివస్తుంది. వృక్షశాస్త్ర అధ్యాపకుడు, రవాణా ఇంజనీరింగు అధ్యాపకుడు కలిసి కూర్చోకపోతే అది పుట్టదు. ఈ దారి పొడవునా ఇంజనీరింగు కళాశాలలకు కొదవ లేదు.

7. పరిశోధకుని ముందున్న పని:

ఈ పరిశీలన అంతా పాలకుల మీద నేరారోపణ కాదు. పరిశోధకులు రాసే ఆ చివరి అధ్యాయం గురించి. చేవెళ్ల లేదా మొయినాబాద్ మీద రేపు ఒక సిద్ధాంత గ్రంథం వస్తే, దాని సూచనలు హెచ్‌ఎండీఏ ప్రణాళికా అధికారికి ఒక రకంగా, జలమండలికి మరో రకంగా, గ్రామసభకు ఇంకో రకంగా రాయవలసి ఉంటుంది. ప్రణాళికా అధికారికి కావలసింది సర్వే నెంబర్లతో కూడిన పటం: ఏ భూమి వాలు ఏ వాగులోకి, ఆ వాగు ఏ కుంటలోకి, ఆ కుంట అలుగు ఎటు. జలమండలికి కావలసింది వరద కోసం జలాశయంలో ఏ నెలలో ఎంత ఖాళీ ఉంచాలన్న లెక్క. గ్రామసభకు కావలసింది ఆంక్ష ఉంటే తమకేమి వస్తుంది, పోతే ఏమి పోతుంది అన్న సమాధానం, తెలుగులో. ప్రతి అంకె పక్కన అది ఏ కొలత మీద ఆధారపడిందో, ఎంత ఖచ్చితమో, ఏ మార్పు వస్తే దానిని తిరిగి లెక్కించాలో రాయాలి. "పది కిలోమీటర్లు" అని రాసిన చేతితోనే "వాలు పటం సిద్ధమయ్యేవరకు" అని మరో మూడు మాటలు 1996లో చేర్చి ఉంటే, ఆ తర్వాతి వివాదాలలో కొన్నయినా కోర్టు దాకా పోయేవి కావు.

దానికి కావలసిన భాష కొత్తగా కల్పించుకోనక్కరలేదు. శిఖం, అలుగు, కత్వ, కుంట, వాగు, గొలుసుకట్టు అన్నవి తెలంగాణ పల్లెలో నేటికీ వాడుకలో ఉన్న మాటలు. రెవెన్యూ రికార్డులలో శిఖం భూమి అన్న వర్గం ఇప్పటికీ ఉంది. ఏ చెరువు నిండితే నీరు ఎవరి పొలం మీదుగా పోతుందో ఆయకట్టు రైతుకు తెలుసు. ఉపగ్రహ చిత్రం చూపే వాలును ఆ రైతు చెప్పే అలుగు దారితో సరిపోల్చి, రెండూ విభేదించిన చోట పొలంలోకి దిగి కొలవడం ఒక పీహెచ్‌డీకి సరిపడే పని. అనంతగిరి దిగువన మొదలుపెట్టి, చేవెళ్ల మీదుగా, మొయినాబాద్ దాటి, గండిపేట కట్ట వరకు.